నీళ్లు పారే మైక్రో బీమ్: వేగం పెంచితే పుల్-ఇన్ వోల్టేజ్ పడిపోతోంది, నా మోడల్ తప్పా?

సన్నకడ్డీ

అందరికీ నమస్తే. ఎం.టెక్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు. లోపల సన్నని కాలువ ఉన్న సిలికాన్ బీమ్, రెండు చివర్లూ బిగించి ఉంటాయి, కింద ఎలక్ట్రోడ్, చుట్టూ వాక్యూమ్, కాలువలో నీళ్లు పారుతుంటాయి. వోల్టేజ్‌తో బీమ్‌ను ఊపుతాం, నీళ్లతో పాటు ఒక బ్యాక్టీరియా వచ్చిందంటే ఫ్రీక్వెన్సీ కాస్త తగ్గుతుంది, ఆ తగ్గుదలను బట్టి బరువు. పొడవు 500 మైక్రాన్లు, వెడల్పు 33, మందం 7, కాలువ వెడల్పు 8 ఎత్తు 3, కింద గ్యాప్ 3 మైక్రాన్లు. సిలికాన్ యంగ్స్ మాడ్యులస్ 160 గిగాపాస్కల్స్ తీసుకున్నాను.

నీళ్లు ఆగి ఉన్నప్పుడు పుల్-ఇన్ (బీమ్ ఒక్కసారిగా కింద ఎలక్ట్రోడ్ మీద పడిపోయే వోల్టేజ్) 159 వోల్టులు వచ్చింది, ఇది ఫార్ములాతో చేతి లెక్క. తర్వాత కోడ్‌లో వేగం పెంచుకుంటూ పోతే వోల్టేజ్ తగ్గుతూ వచ్చి, డైమెన్షన్ లేని వేగం 3.14 దగ్గర మొత్తానికి సున్నా అయిపోతోంది, అంటే వోల్టేజే పెట్టకుండా బీమ్ వంగిపోతోంది. కానీ రెండు చివర్లూ బిగిస్తే 6.28 రావాలని చదివాను. రెండు వారాల నుంచి ఇదే గోల. పైగా మా గైడ్ గారు "ఫ్లటర్ గ్రాఫ్ కూడా ఉంటే పేపర్ అవుతుంది" అంటున్నారు. శుక్రవారం రివ్యూ. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చూసి చెప్పండి ప్లీజ్.

పాతపైపుల_మనిషి

3.14 అంటే పై. కోడ్ చూడకుండానే చెప్తాను, బీమ్ వంపుకి సైన్ ఆకారం పెట్టావు. అది చివర్లు ఊరికే ఆనించి ఉన్న పైపుకి పనికొస్తుంది, బిగించిన దానికి కాదు. సైన్‌కి చివర్లో వాలు ఉంటుంది, నీ బీమ్‌కి చివర్లో వాలు సున్నా ఉండాలి.

సన్నకడ్డీ

అయ్యో. అవునండీ. సీనియర్ ఇచ్చిన కోడ్, ఆయనది ఆనించిన బీమ్. నేను గట్టితనం మార్చాను గానీ ఆకారం మార్చలేదు. ఇప్పుడే బిగించిన బీమ్ మొదటి మోడ్ (అది సహజంగా ఊగే ఆకారం) పెట్టి చూశాను, 6.38 వచ్చింది. 6.28 కాదు. మళ్లీ ఏమైనా తప్పా?

పాతపైపుల_మనిషి

తప్పేం లేదు, ఒక్క మోడ్‌తో చేస్తే అంతే. బక్లింగ్ (నొక్కుడుకి పక్కకు వంగిపోవడం) అసలు ఆకారం ఒకటి, నువ్వు బలవంతంగా పెట్టిన ఆకారం ఇంకొకటి, అందుకని బీమ్ ఉన్నదానికంటే కాస్త గట్టిగా కనిపిస్తుంది. మూడు నాలుగు మోడ్‌లు కలుపు, 6.28కి దిగుతుంది.

ఇంకోటి, ఒక్క మోడ్‌తో చేస్తే నీ సమీకరణంలో కొరియోలిస్ పదం (ఊగే బీమ్‌లో పారే నీళ్లు దాన్ని పక్కకు తోసే బలం) మొత్తం మాయమైపోతుంది. ఆ ఆకారాన్ని దాని వాలుతో గుణించి పొడవంతా ఇంటిగ్రేట్ చేస్తే సున్నా. అంటే నీ గ్రాఫ్‌లో ఇప్పటిదాకా కొరియోలిస్ లేనే లేదు. కనీసం రెండు మోడ్‌లు లేకుండా "పారే నీళ్ల ప్రభావం" అని రాయకు, వైవాలో దొరికిపోతావు.

ఫ్లటర్ (పైపు తనంతట తానే ఊగి కొట్టుకోవడం) సంగతి మీ గైడ్ గారికి నెమ్మదిగా చెప్పు. రెండు చివర్లూ పట్టి ఉన్న పైపు ముందు పక్కకు వంగిపోతుంది, ఇంకా వేగం పెంచితే లీనియర్ లెక్కలో రెండు మోడ్‌లు కలిసి ఫ్లటర్ అయినట్టు కనిపిస్తుంది. 1974లో పైడూసిస్, ఇసిడ్ ఆ మ్యాప్ గీశారు. కానీ 1978లో హోమ్స్ నాన్‌లీనియర్‌గా చూసి, రెండు చివర్లూ పట్టి ఉన్న పైపు ఫ్లటర్ కాదని తేల్చాడు. వంగిన తర్వాత బీమ్ సాగుతుంది, ఆ సాగుడు తెచ్చే బిగువు దాన్ని అక్కడే నిలబెట్టేస్తుంది. కింద స్థిరమైన డీసీ వోల్టేజ్ పెట్టినంత మాత్రాన బయటి నుంచి శక్తి పోస్తున్నట్టు కాదు కాబట్టి ఆ కథ మారదు. మన బీమ్ అయితే వంగిన మరుక్షణం కింద ఎలక్ట్రోడ్‌కి అతుక్కుంటుంది, ఫ్లటర్ దాకా వెళ్లేదెక్కడ.

ఏలూరు_కాలువ

సబ్జెక్ట్ నాకు సగమే అర్థమైంది కానీ ఫ్లటర్ అంటే మా పొలంలో మోటారు డెలివరీ పైపేనా? చివర కట్టకుండా మోటారు వేస్తే పాములా కొట్టుకుంటుంది, చిన్నప్పుడు మా బాబాయి ముఖం మీద ఒకటి తగిలింది.

పాతపైపుల_మనిషి

అచ్చంగా అదే. ఒక చివర పట్టి, రెండో చివర వదిలేసి, అక్కడి నుంచే నీళ్లు బయటికి చిమ్మే పైపుకి ఫ్లటర్ వస్తుంది. నీటి నుంచి శక్తి తీసుకుని పైపు ఊగుతుంది.

సన్నకడ్డీ

అయితే క్యాంటిలీవర్ (ఒక చివర మాత్రమే బిగించిన బీమ్) సెన్సర్లకి ఆ భయం ఉండాలి కదా? ఎంఐటీలో మనాలిస్ గ్రూపు చేసినవి క్యాంటిలీవర్లే, 2007లో నేచర్‌లో వచ్చింది, ఫెమ్టోగ్రాము కంటే తక్కువ కూడా కొలిచారు. మరి అవెందుకు కొట్టుకోవు?

పాతపైపుల_మనిషి

మంచి ప్రశ్న, నేను కూడా ఒకప్పుడు ఇక్కడే బోల్తా పడ్డాను. వాటిలో కాలువ యూ ఆకారం. నీళ్లు మొదటి నుంచి చివరకు వెళ్లి, మలుపు తిరిగి, మళ్లీ మొదటికే వస్తాయి. చివర నుంచి ఏదీ బయటికి పోదు. ఊగే బీమ్ మీద పోయే కాలువలో కొరియోలిస్ బలం ఒకవైపు, వచ్చే కాలువలో దానికి ఎదురుగా, రెండూ కలిపితే వంపు వరకు సున్నా, కాస్త మెలిపెట్టే ప్రయత్నం మాత్రం మిగులుతుంది. రెండు కాళ్లలోనూ నీటి మొమెంటం బీమ్‌ను నొక్కినట్టు పనిచేస్తుంది, కానీ మలుపు దగ్గర నీళ్లు వెనక్కి తిరుగుతూ చివరను బయటికి లాగుతాయి, సరిగ్గా అంతే బలంతో. కాగితం మీద వేసి చూడు, కొట్టుకుపోతాయి. యూ క్యాంటిలీవర్‌కి ఆ పొలం పైపు సమీకరణం పెట్టి ఫ్లటర్ వేగం చూపిస్తే అది లేని రోగానికి మందు.

క్లీన్‌రూమ్_బాబాయ్

ఇంతసేపు చదివాను, ఒక్కరు కూడా తమ్ముడిని అడగాల్సింది అడగలేదు. నీ ఎక్స్ యాక్సిస్ మీద సున్నా నుంచి 6.28 దాకా ఉంది కదా తమ్ముడూ, దాన్ని సెకనుకు మీటర్లలో చెప్పు.

సన్నకడ్డీ

లెక్కేస్తున్నా అన్నా. వంపు గట్టితనాన్ని కాలువలో ఒక మీటరు నీటి బరువుతో భాగించి, వర్గమూలం తీసి, పొడవుతో భాగిస్తే 158. అంటే 6.28 దగ్గర... 993. సెకనుకు 993 మీటర్లు?? ఎక్కడో సున్నాలు తప్పాను.

క్లీన్‌రూమ్_బాబాయ్

తప్పలేదు. అదే నేను చెప్పేది. సెకనుకు కిలోమీటరు. నీటిలో శబ్దం వేగమే సుమారు 1,480. మూడు మైక్రాన్ల ఎత్తున్న కాలువలో నీళ్లను ఆ వేగంతో తోయాలంటే వేల బార్ల ప్రెషర్ కావాలి, చిప్ బీమ్‌గా కాదు, పొడిగా దొరుకుతుంది.

నిజంగా ల్యాబ్‌లో ఎంత వేగం? ఒక కణం బీమ్ దాటడానికి ఒక పదో వంతు సెకను ఇస్తాం, అంతకంటే త్వరగా పోతే ఫ్రీక్వెన్సీ కొలవడానికి టైం చాలదు. 500 మైక్రాన్లు, 0.1 సెకను, అంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు. రేనాల్డ్స్ సంఖ్య 0.02 ఉంటుంది, తేనె కారినంత బుద్ధిగా పారుతుంది. నీ గ్రాఫ్‌లో ఆ బిందువు 0.00003 దగ్గర పడుతుంది, వై యాక్సిస్ గీత మందంలో దాక్కుంటుంది. అక్కడ పుల్-ఇన్ ఎంత? 159. నీళ్లు ఆపేస్తే? 159.

అప్పుడప్పుడు_వస్తా

అయితే ఈ సబ్జెక్ట్ మీద వచ్చే పేపర్లన్నీ వేస్టేనా? వందల్లో ఉన్నాయి.

క్లీన్‌రూమ్_బాబాయ్

వేస్ట్ అనను. గణితం సరైనదే. పీడీఎంఎస్ లాంటి మెత్తటి రబ్బరుతో ఇదే బీమ్ చేస్తే గట్టితనం లక్ష వంతు పడిపోతుంది, అప్పుడు ప్రమాద వేగం సెకనుకు మూడు మీటర్లకు దిగుతుంది, కాస్త మాట్లాడుకోవచ్చు. కానీ సిలికాన్ పెట్టి, మూడు మైక్రాన్ల కాలువ పెట్టి, అక్కడ వేగం వల్ల సెన్సర్ అస్థిరం అవుతుందని రాస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకొకటి చెప్తా. "చిన్న సైజు ప్రభావం" అని కపుల్ స్ట్రెస్ థియరీ కలిపి, అందులో లెంగ్త్ స్కేల్ 17.6 మైక్రాన్లు అని వేస్తారు. ఆ సంఖ్య ఎక్కడిది? లామ్ బృందం 2003లో ఎపాక్సీ క్యాంటిలీవర్లు వంచి తీసింది. ఎపాక్సీ! దాన్ని తీసుకొచ్చి సిలికాన్‌కి పెడితే మన ఏడు మైక్రాన్ల బీమ్ ముప్పై రెట్లు గట్టిపడుతుంది, 159 వోల్టుల పుల్-ఇన్ కాస్తా 880 అవుతుంది. ఎవరి చెప్పో ఎవరి కాలికో.

సన్నకడ్డీ

అన్నా నా మూడో చాప్టర్‌లో 17.6 ఉంది.

క్లీన్‌రూమ్_బాబాయ్

తీసెయ్.

ఎన్షెడే_తెలుగోడు

నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను, చిన్న చిన్న ఫ్లో సెన్సర్ల టెస్టింగ్ నా పని. ఇక్కడ ట్వెంటే యూనివర్సిటీ వాళ్ల మైక్రో కొరియోలిస్ మీటర్ గురించి వినే ఉంటారు, సిలికాన్ నైట్రైడ్ ట్యూబ్, వ్యాసం 40 మైక్రాన్ల చుట్టుపక్కల, గోడ ఒక మైక్రాన్‌కి కాస్త ఎక్కువ. దాన్ని ఊపేది వోల్టేజ్ కాదు, అయస్కాంతం పక్కన కరెంటు పంపి ఊపుతారు, చదవడం మాత్రం కెపాసిటర్ ప్లేట్లతో. మన సన్నకడ్డీ లెక్కలో మాయమైపోయిన కొరియోలిస్ బలమే అక్కడ సిగ్నల్, దాన్నుంచే ఎంత ద్రవం పోతోందో లెక్క కడతారు. కాబట్టి "ప్రవాహం ప్రభావం శూన్యం" అని అందరం ఊగిపోవద్దు, స్థిరత్వాన్ని దెబ్బ తీసేంత కాదు గానీ కొలవగలిగేంత ఉంటుంది.

బాబాయ్ గారు వేగం గురించి చెప్పారు, నేను ప్రెషర్ గురించి చెప్తా. పైపు సమీకరణంలో వేగం వర్గం ఉన్న పదం పక్కనే అదే వేషంలో ఇంకో పదం ఉంటుంది, ప్రెషర్ ఇంటూ కాలువ వైశాల్యం. చాలామంది దాన్ని సున్నా చేసేస్తారు. సన్నకడ్డీ కొలతలతోనే వేశాను: సెకనుకు 5 మిల్లీమీటర్ల దగ్గర నీటి మొమెంటం ఇచ్చే నొక్కుడు 0.6 పికోన్యూటన్. బయట వాక్యూమ్, లోపల మామూలు వాతావరణ పీడనం అనుకుంటే ప్రెషర్ ఇచ్చే నొక్కుడు 2.4 మైక్రోన్యూటన్లు. నలభై లక్షల రెట్లు! చివర్లు కదలకుండా బిగించారు కాబట్టి పాయిసన్ నిష్పత్తి (ఒకవైపు సాగితే ఇంకోవైపు సన్నబడే గుణం) వల్ల అందులో కొంత తగ్గుతుంది, అయినా పోలికే లేదు.

బీమ్ బక్లింగ్ అవ్వాలంటే సుమారు 24 మిల్లీన్యూటన్లు కావాలి కాబట్టి ప్రెషర్ వల్ల కూడా కూలిపోదు. కానీ కూలడం వేరు, ఒకచోట నిలవడం వేరు. మీ బీమ్ ఫ్రీక్వెన్సీ 245 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా నీళ్లలో తేలగా మిగిలే బరువు 100 ఫెమ్టోగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, అది మధ్యకు వచ్చినప్పుడు ఫ్రీక్వెన్సీ మారేది 0.12 హెర్ట్జ్. ప్రెషర్ ఒక బార్‌లో వందో వంతు కదిలితే కూడా ఇంచుమించు అంతే మారుతుంది. బయాస్ (ఎప్పుడూ ఉండే డీసీ వోల్టేజ్) 30 వోల్టులు పెడితే వోల్టేజ్ ఆకర్షణకే బీమ్ మెత్తబడి ఫ్రీక్వెన్సీ దాదాపు 1,000 హెర్ట్జ్ పడుతుంది, సరే అది స్థిరంగా ఉంటే గొడవ లేదు, కానీ ఆ 30 వోల్టుల్లో ఒక్క మిల్లీవోల్టు ఊగితే 0.07 హెర్ట్జ్. ఇక వేడి. రెండు చివర్లూ బిగించిన బీమ్, చుట్టూ వాక్యూమ్, మీద చదవడానికి లేజర్ చుక్క. చుట్టూ ఉన్న ఫ్రేమ్ కంటే బీమ్ ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కితే సాగడానికి చోటు లేక లోపలే నొక్కుకుంటుంది, 440 హెర్ట్జ్ పోతుంది. డిగ్రీలో వెయ్యో వంతు చాలు బ్యాక్టీరియాను మింగేయడానికి. మరి మీ నీటి వేగం ఎంత మారుస్తుందో తెలుసా? హెర్ట్జ్‌లో పది లక్షల వంతులు మూడు. నేనైతే రివ్యూలో ఈ నాలుగు సంఖ్యలే చూపిస్తాను, ఇక గ్రాఫ్‌లు ఎందుకు.

సన్నకడ్డీ

బ్రో ఇది చదివి కాసేపు కుర్చీలోంచి లేవలేదు. అయితే రెండు చివర్లూ బిగించడమే తప్పా? క్యాంటిలీవర్ అయితే వేడెక్కినా హాయిగా సాగుతుంది కదా.

ఎన్షెడే_తెలుగోడు

సాగుతుంది, అప్పుడు సిలికాన్ మెత్తబడటం ఒక్కటే మిగులుతుంది, డిగ్రీకి మిలియన్‌లో 30 భాగాల చొప్పున. లోపలి నీటి సాంద్రత మార్పు కూడా కొంత. రెండు చివర్ల బీమ్‌కి దాని లాభాలు దానికున్నాయి, నీళ్లు ఇటు నుంచి అటు నేరుగా పోతాయి, బుడగ ఇరుక్కోదు.

క్లీన్‌రూమ్_బాబాయ్

బుడగ అన్నావు కాబట్టి: పది మైక్రాన్ల పొడవు బుడగ ఈ బీమ్ మధ్యలో ఉంటే ఫ్రీక్వెన్సీ దాదాపు 290 హెర్ట్జ్ పైకి లేస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లలు "సార్ ఏదో పెద్ద కణం వచ్చింది" అని పరిగెత్తుకొస్తారు, చూస్తే గ్రాఫ్ పైకి ఉంటుంది. బరువొస్తే కిందికి పోవాలిరా నాయనా!

అప్పుడప్పుడు_వస్తా

పెరిస్టాల్టిక్ పంపు వాడితే పల్స్ వస్తుంది కదా, దాని వల్ల పారామెట్రిక్ రెసొనెన్స్ వస్తుందని ఒకచోట చదివాను.

పాతపైపుల_మనిషి

పంపు పల్స్ సెకనుకు కొన్ని. బీమ్ సెకనుకు 2,45,000 సార్లు ఊగుతుంది. పారామెట్రిక్ రావాలంటే దానికి రెట్టింపు దగ్గర గట్టితనం ఊగాలి. ఆ పని పంపు చేయలేదు, ఏసీ వోల్టేజ్ చేయగలదు, ఎందుకంటే ఆకర్షణ వోల్టేజ్ వర్గం మీద ఉంటుంది, నువ్వు ఒక ఫ్రీక్వెన్సీ పెడితే దాని రెట్టింపు కూడా ఊరికే వచ్చేస్తుంది. పంపు వల్ల నష్టం ఎన్షెడే తమ్ముడు చెప్పిన ప్రెషర్ ఊగిసలాటే. గాలి ప్రెషర్‌తో నీళ్లు తోసుకో, సిరంజి పంపు మోటారు కూడా మెట్లు మెట్లుగానే తిరుగుతుంది.

క్లీన్‌రూమ్_బాబాయ్

పుల్-ఇన్ గురించి ఒక మాట చెప్పి పోతా, ఇది పుస్తకంలో చదివింది కాదు, చేతులు కాల్చుకున్నది. ఏళ్ల క్రితం ఒక ల్యాబ్‌లో (పేరొద్దు) మాకు వాక్యూమ్‌లో ప్యాక్ చేసిన బీమ్‌లు ఆరు ఉండేవి. లెక్క ప్రకారం పుల్-ఇన్ 60 వోల్టులు. మేం 56 పెడదాం, సేఫ్ అనుకున్నాం. మైక్రోస్కోప్ కింద చూస్తే బీమ్ మీద లేత గులాబీ, ఆకుపచ్చ చారలు కనిపిస్తుంటాయి, గ్యాప్ ఎంతుందో ఆ రంగుల్లోనే తెలుస్తుంది. నేను నాబ్ తిప్పకుండా 56 సెట్ చేసి స్విచ్ వేశాను. చారలు ఒక్కసారిగా మాయం, మధ్యలో ఒక చదునైన బూడిద రంగు మచ్చ. స్విచ్ తీసేసినా తిరిగి రాలేదు. అతుక్కుపోయింది.

సంగతేంటంటే, 60 అనేది నెమ్మదిగా పెంచినప్పుడు. ఒక్కసారిగా వేస్తే బీమ్ ఊపులో దాటి కిందికి పోతుంది, వాక్యూమ్‌లో ఆపేందుకు గాలి కూడా లేదు. అప్పుడు దాదాపు 92 శాతం వోల్టేజే చాలు, మాకు 55. నీ బీమ్‌కి 159 కాదు, 146 అనుకో. ఇంకా, 159 అనేది ప్లేటును స్ప్రింగ్‌కి వేలాడదీసిన లెక్క, 1967లో నాథన్‌సన్ వాళ్ల రెసొనెంట్ గేట్ ట్రాన్సిస్టర్ కాలం నుంచి ఉన్నదే, గ్యాప్‌లో మూడో వంతు దగ్గర పడిపోతుందనేది. నిజమైన బీమ్ మధ్యలో ఎక్కువ వంగి చివర్ల దగ్గర వంగదు కాబట్టి గ్యాప్‌లో 0.4 వంతు దాకా వస్తుంది, వోల్టేజ్ 176 దాకా వెళ్తుంది, అంచుల నుంచి వచ్చే ఫీల్డ్ కలిపితే మళ్లీ ఒక మూడు శాతం తగ్గుతుంది. ఏ సంఖ్య వాడినా ఏ లెక్కో పక్కనే రాసుకో.

రెండో బీమ్ ఎలా పోయిందో కూడా చెప్పాలి. సిరీస్‌లో మెగాఓమ్ రెసిస్టర్ పెట్టలేదు, తగలగానే కరెంటు పారి కొస మాడిపోయింది. మిగతా నాలుగూ జాగ్రత్తగా వాడాం.

సన్నకడ్డీ

రివ్యూ అయిపోయింది. ఫ్లటర్ స్లైడ్ తీసేశాను. ఎక్స్ యాక్సిస్‌ను సెకనుకు మీటర్లలోకి మార్చి, మన ఆపరేటింగ్ పాయింట్ చూపించడానికి ఎర్ర చుక్క పెడితే అది మూలలో కనిపించలేదు, లాగ్ స్కేల్ పెట్టాల్సి వచ్చింది. గైడ్ గారు రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత "ప్రెషర్ ఎంత దాకా ఊగుతుంది మన సెటప్‌లో?" అని అడిగారు. మన సెటప్ అంటూ ఏమీ లేదు సార్ ఇది సిమ్యులేషన్ అన్నాను. అప్పుడు ఆయనే, బయటి విద్యార్థుల కోసం ఐఐఎస్‌సీలో ఐనప్ ప్రోగ్రాం ఉంటుంది కదా, అప్లై చేద్దాం అన్నారు. మూడో చాప్టర్ మొత్తం మళ్లీ రాయాలి. 17.6 గురించి ఎక్స్‌టర్నల్ అడగలేదు, నేనే చెప్పేశాను.

క్లీన్‌రూమ్_బాబాయ్

శభాష్. ఇప్పుడు నాకొక సహాయం చేయండి ఎవరైనా. మా దగ్గర 200 కిలోహెర్ట్జ్ క్యాంటిలీవర్ ఒకటి, కాలువలో ఒట్టి నీళ్లు, కణాలేం లేవు. ఫ్రీక్వెన్సీ ఇరవై నిమిషాలకోసారి 0.3 హెర్ట్జ్ కిందికి పోయి మళ్లీ పైకొస్తోంది. బయాస్ సప్లై మార్చాను, లేజర్ పవర్ తగ్గించాను, ప్రెషర్ రెగ్యులేటర్ మార్చాను. అలాగే ఉంది.

ఎన్షెడే_తెలుగోడు

డిగ్రీకి 6 హెర్ట్జ్ చొప్పున 0.3 అంటే డిగ్రీలో ఇరవయ్యో వంతు. మీ గది ఏసీ కంప్రెసర్ ఎన్ని నిమిషాలకోసారి ఆన్ అవుతుంది బాబాయ్ గారూ?

క్లీన్‌రూమ్_బాబాయ్

ఆపి చూశాను. గీత తిన్నగా వచ్చింది. మేమే చెమటలు కక్కుతున్నాం.